218 అన్నారు సరే, ఏ 218?

పాతబండ్ల పేజీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఇంజన్ గురించి. డాడ్జి కింగ్స్‌వే, ప్లిమత్ కార్లలో ఉండే ఆరు సిలిండర్ల, 218 క్యూబిక్ అంగుళాల పెట్రోలు ఇంజన్ అది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం మీద బిగించి అమ్మిన బండ్లవి. వాల్వులు హెడ్డులో ఉండవు, బ్లాకులోనే సిలిండర్ల పక్కన ఉంటాయి. హెడ్డు ఉత్త మూతే. విజయవాడ ఆటోనగర్ బోరింగ్ షాపుల్లో నలభై ఆరేళ్లు పనిచేశాను. ఈ రకం ఇంజన్లు పాతిక దాకా నా చేతిమీదుగా వెళ్లాయి. అందుకే ఈసారి స్కూటర్లు, జీపుల ప్రశ్నలు వచ్చే నెలకి దాచి, పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారి కింగ్స్‌వే 1950ల నాటి బండి. 1980ల్లో పెట్రోలు ఖర్చు తట్టుకోలేక మా పెదనాన్న దానికి డీజిల్ ఇంజన్ వేయించారు. అసలు ఇంజన్ కొట్టంలో గోనెసంచులు కప్పుకుని ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని బాగుచేసి మళ్లీ ఎక్కించాలని నా కోరిక. '218 ఇంజన్‌కి' అని రాసి ఉంటే అమెరికా నుంచి 30 థౌ ఓవర్‌సైజు పిస్టన్లు తెప్పించాను. షాపులో పెట్టి చూస్తే సిలిండర్‌లోంచి జారి కిందికి వచ్చేస్తున్నాయి. సిలిండర్లు బాగా అరిగాయి, ఆరింటికీ లైనర్లు, అంటే లోపల దిగ్గొట్టే కొత్త గొట్టాలు, వేయాలంటున్నారు. వేయించమంటారా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: లైనర్ల పని వెంటనే ఆపించండి. ఈ జవాబు అచ్చయ్యేలోపు మీ బ్లాకు బోరింగ్ మిషన్ ఎక్కకూడదని కోరుకుంటున్నాను.

థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఓవర్‌సైజు అంటే అసలు కొలత కంటే ఆ మేర లావు. ఎంత తోలిన బండయినా సిలిండర్ పదిహేను, ఇరవై థౌలకి మించి అరగడం నేను చూడలేదు. పైగా అరుగుదల అంతటా సమానంగా ఉండదు. పైన రింగులు తిరిగేచోట ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ తక్కువ. ఓవర్‌సైజు పిస్టన్ అలా జారి పడిపోతోందంటే సందు తొంభై థౌల దాకా ఉందన్నమాట. అది అరుగుదల కాదు. మీరు తెప్పించిన పిస్టన్లు వేరే ఇంజన్‌వి.

ఒక టేపు తీసుకుని హెడ్డు పొడవు కొలవండి. ఈ కొస నుంచి ఆ కొసకి 23½ అంగుళాలు వస్తే పొట్టి బ్లాకు, 25 అంగుళాలు వస్తే పొడుగు బ్లాకు. అమెరికాలో ప్లిమత్, డాడ్జి కార్లకి పొట్టిది, డిసోటో, క్రైస్లర్ కార్లకి పొడుగుది వాడేవారు. కెనడా ఫ్యాక్టరీలో మాత్రం ప్లిమత్, డాడ్జిలకి కూడా పొడుగు బ్లాకే వేశారు. మన దేశానికి వచ్చిన బండ్లలో ఆ రెండూ విప్పాను నేను.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బోరు అంటే సిలిండర్ లోపలి వెడల్పు, స్ట్రోకు అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం. పొట్టి ఇంజన్ బోరు 3¼ అంగుళాలు, స్ట్రోకు 4⅜. కెనడా పొడుగు ఇంజన్ బోరు 3⅜, స్ట్రోకు 4 1/16. ఒకదాని బోరు చిన్నది, స్ట్రోకు పెద్దది. రెండోదానికి బోరు పెద్దది, స్ట్రోకు చిన్నది. లెక్క కడితే మొదటిది 3569 సీసీ, రెండోది 3573 సీసీ. నాలుగు సీసీలే తేడా! క్యూబిక్ అంగుళాల్లో రెండూ 218 కిందే చెలామణీ. అందుకని ఆర్‌సీ చూసినా తెలియదు, అమ్మేవాడి డబ్బా మీద చూసినా తెలియదు. పిస్టన్లు, క్రాంకు, హెడ్డు, హెడ్డు గాస్కెట్టు, మ్యానిఫోల్డు మాత్రం ఒకదానివి ఇంకోదానికి పనికిరావు. మీ బ్లాకు 25 అంగుళాలదే అయి ఉంటుందని నా నమ్మకం. కొలిచాకే ఖాయం చేసుకోండి.

మా మేస్త్రీ ఎవరు ఏ బ్లాకు తెచ్చినా ముందు టేపు అడిగేవారు, తర్వాత గోటితో చూసేవారు. హెడ్డు తీసి, సిలిండర్ పైఅంచున చూపుడువేలి గోరు లోపలి నుంచి పైకి లాగేవారు. రింగు చేరని ఆ పై పావు అంగుళం అరగదు కాబట్టి, అక్కడ చిన్న గట్టు మిగులుతుంది. గోరు దానికి టక్కున ఆగితే 'బోరు తప్పదు' అనేవారు. ఆగీ ఆగనట్టు జారిపోతే 'ముందు కొలవండి' అనేవారు. మీరూ అలా చూడండి. కాకపోతే గోటి మాట మీద ఖర్చు పెట్టకండి. బోరు గేజుతో ఒక్కో సిలిండర్‌ని పైన, నడుమ, కింద, నిలువునా అడ్డంగా కొలిపించండి. ఆరు సిలిండర్లకి ముప్ఫై ఆరు కొలతలు వస్తాయి. అవన్నీ కాగితం మీద రాయించి తీసుకోండి. రాయడానికి విసుక్కునే షాపులో బ్లాకు వదలొద్దు.

ఆ కాగితం చేతికొచ్చాకే పిస్టన్లు కొనాలి. పిస్టన్లు వచ్చాక, వాటిని కొలిచి బోరు కొట్టించాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

విప్పేటప్పుడు మరో జాగ్రత్త. మెయిన్ బేరింగ్ క్యాపులు నాలుగు, కనెక్టింగ్ రాడ్ల క్యాపులు ఆరు. ఒక్కోదానికీ దాని చోటు, దాని దిక్కు ఉన్నాయి. పంచ్‌తో కొట్టిన గుర్తులు ఉంటే సరే, లేకపోతే ఊడదీయకముందే మీరు వేయండి. క్యాపు తిరగబడితే క్రాంకు బిగుసుకుపోతుంది. లేదంటే తిరుగుతూనే షెల్లుని, అంటే క్యాపు లోపలుండే పల్చటి బేరింగు రేకుని, తినేస్తుంది, అది ఇంకా ప్రమాదం.

ఇక బండిలోకి ఎక్కించడం. డీజిల్ వేసినప్పుడు ఛాసిస్ మీద బ్రాకెట్లు వెల్డింగ్ చేసి ఉంటారు. క్రాస్‌మెంబర్, అంటే ఛాసిస్ అడ్డదూలం, కోశారేమో పడుకుని చూడండి. అసలు మౌంటింగ్ రంధ్రాలు రంగు కింద కప్పబడి ఉంటాయి, గీకితే బయటపడతాయి. ఇంజన్‌ని మోసే మౌంటింగ్ రబ్బర్ల కోసం క్రైస్లర్ వాళ్లు ప్రత్యేకంగా ఆలోచించారు. ఇంజన్ తన బరువు కేంద్రం చుట్టూ ఊగేలా ముందు ఎత్తున, వెనక బెల్‌హౌసింగ్ (క్లచ్చు గూడు) దగ్గర పట్టుకుని ఉంచుతాయి. లారీ రబ్బరు కోసి పెట్టేస్తే ఆరు సిలిండర్ల ఆ నునుపు మొత్తం పోతుంది. గేరు లివరు వణుకుతుంటే ఇంజన్‌ని తిట్టుకుంటారు. ఇంజన్ పావు టన్నుకి పైమాటే, చైన్‌బ్లాకుకి కట్టే దూలం సంగతి ముందే చూసుకోండి. దింపాక ఫ్యాను రెక్కకీ రేడియేటర్‌కీ మధ్య సందు చూడండి. ఎప్పుడైనా ఎవరైనా పొట్టి ఇంజన్ బండిలో పొడుగు ఇంజన్ పెట్టి ఉంటే, ఆ ఒకటిన్నర అంగుళం అక్కడే బయటపడుతుంది.

ఈ ఇంజన్ మీద నాకున్న గౌరవం ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో దీని పొడుగు బ్లాకు తమ్ముళ్లని అయిదింటిని ఒకే షాఫ్టు చుట్టూ కట్టి, ముప్ఫై సిలిండర్లతో షెర్మన్ ఎం4ఎ4 ట్యాంకుని నడిపించారు. మీ కొట్టంలో ఉన్నది ఆ వంశమే. దాని మీద గోనెసంచులు తీసేసి, ప్లగ్గుల రంధ్రాల్లో నూనె పోసి ఉంచండి.

ప్రశ్న: నాన్నగారి ప్లిమత్ ఇంజన్ ఓవర్‌హాల్ చేయించి నాలుగు నెలలైంది. రేడియేటర్‌కి కొత్త కోరు వేయించాను, వాటర్ పంపు కొత్తది. అయినా పది కిలోమీటర్లు దాటితే వేడెక్కుతోంది. ప్లగ్గులు విప్పితే వెనక రెండూ, అంటే 5, 6 సిలిండర్లవి, తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు, ఆయన్ని ఆ బండిలో కోటిపల్లి రేవు దాకా తీసుకెళ్లాలని ఉంది. (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని ఆపే కవాటం, దాని జోలికి వెళ్లకండమ్మా. మీ ఉత్తరంలో 5, 6 అని రాశారు చూడండి, రోగం పేరు అదే.

వాటర్ పంపు విప్పితే దాని వెనక బ్లాకులో ఒక పొడవాటి చీలిక కనిపిస్తుంది. అందులో ముందు నుంచి వెనక దాకా ఒక బల్లపరుపు రేకు గొట్టం దూర్చి ఉంటుంది. పంపు తోసే చల్లనీళ్లు ఈ గొట్టంలో వెళ్లి, దానికున్న రంధ్రాల్లోంచి ఒక్కో ఎగ్జాస్ట్ వాల్వు సీటు దగ్గరా చిమ్ముతాయి. సైడ్ వాల్వ్ ఇంజన్‌లో అన్నిటికంటే కాలే చోటు అదే. గొట్టం తుప్పుపట్టి ముందుభాగంలోనే చిల్లులు పడితే, నీళ్లన్నీ 1, 2 సిలిండర్ల దగ్గరే కారిపోతాయి. వెనకవాళ్ల వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. కాలువ చివరి పొలాలకి నీళ్లందకపోవడం గోదావరి జిల్లా వాళ్లకి నేను చెప్పాలా!

ఈ గొట్టం గురించి నాకు గట్టిగా తెలియడానికి కారణం నేను చేసిన తప్పు. పని నేర్చిన కొత్తలో ఒక ప్లిమత్ ఇంజన్ బోరు, క్రాంకు, వాల్వులు అన్నీ చేసి, గొట్టం ఊడిరాక మొండికేస్తే అలాగే వదిలేశాను. రెండు నెలలకి బండి తాడుతో కట్టుకుని వచ్చింది. ఆరో ఎగ్జాస్ట్ వాల్వు కాలి కొరికిన అప్పడంలా ఉంది. సీటు దగ్గర బ్లాకుకే జుట్టులాంటి పగులు. ఆ యజమాని పెద్దాయన నన్నొక్క మాటా అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. ఆ తర్వాత గొట్టం తీయకుండా ఒక్క బ్లాకునీ షాపు దాటనివ్వలేదు.

తీయడం ఓపిక పని. రేడియేటర్ దించండి, పంపు విప్పండి. చివర కొక్కెం వంచిన గట్టి కడ్డీ లోపలికి దూర్చి, ఒక రంధ్రానికి తగిలించి లాగాలి. తుప్పు ఉబ్బి పట్టేసి ఉంటుంది కాబట్టి ముందురోజు నుంచే డీజిలు పోసి నానబెడతాం. ఒక్కోసారి మొత్తం వస్తుంది. ఎక్కువసార్లు ఎర్రటి పొరలు పొరలుగా, ముక్కలుగా వస్తుంది. చివరి ముక్క వచ్చేదాకా ఆపొద్దు. అది లోపల ఉండిపోతే కొత్త గొట్టం పూర్తిగా దూరదు.

అదే చేత్తో బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు బిళ్లలు, అదే వెల్ష్ ప్లగ్గులు, ఊడదీయించండి. లోపల తీగతో గీకుతుంటే గుప్పెళ్లకొద్దీ బురద రాలుతుంది. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల సున్నం, తుప్పు కలిసిన బురద అది. ఆరో సిలిండర్ మూలన ఎక్కువగా పేరుకుంటుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా పైపు పెట్టి కడగాలి. మీ ఓవర్‌హాల్‌లో ఇది జరిగినట్టు లేదు.

కొత్త గొట్టం ఇత్తడిది గానీ స్టెయిన్‌లెస్‌ది గానీ వేయించండి. అమెరికా నుంచి తెప్పించుకోవచ్చు. లేదా పాతదాని ముక్కలు పరిచి, రంధ్రాల దూరం, కొలత గీసుకుని ఇత్తడి రేకుతో ఇక్కడే చేయించుకోవచ్చు. రంధ్రాలు పెద్దవి చేస్తే నీళ్లు ఇంకా బాగా వస్తాయని ఎవరైనా అంటే వినొద్దు. ముందువి పెద్దవైతే వెనకవాటికి మళ్లీ కరువే. పెట్టేటప్పుడు రంధ్రాలు వాల్వుల వైపు తిరిగి ఉండాలి. తర్వాత బోరు నీళ్లు మానేసి, కూలెంటు కలిపిన డిస్టిల్డ్ వాటర్ పోయండి.

ఈ పనిలో హెడ్డు కూడా తీస్తే, మరొక్కటి. ఈ ఇంజన్ హెడ్డు బోల్టులు నీళ్ల గదిలోకి దిగుతాయి. మరలకి సీలెంటు రాయకుండా బిగిస్తే నీళ్లు మరల వెంట పైకి పాకుతాయి. నడుమ నుంచి చివరలకి వెళుతూ, మూడు విడతలుగా, టార్కు రెంచితో 65 నుంచి 70 పౌండు-అడుగులు. బండి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి చూడాలి. ఇదంతా అయ్యాక నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కోటిపల్లి వెళ్లండి. ఎలా నడిచిందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: నా కింగ్స్‌వేకి ఇంజన్ బిగించాం. టైమింగ్ చెయిన్ గుర్తులు కచ్చితంగా కలిపాం. సెల్ఫ్ కొడితే నీరసంగా తిరుగుతోంది, కార్బురేటర్‌లోంచి మంట వెనక్కి తంతోంది. డిస్ట్రిబ్యూటర్ ఎంత తిప్పినా సర్దుకోవడం లేదు. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: రెండు వేరువేరు జబ్బులు. మొదట మంట సంగతి. ఈ ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్ పళ్లతో తిరిగేది ఆయిల్ పంపు షాఫ్టు. డిస్ట్రిబ్యూటర్ అవతలి వైపు నుంచి వచ్చి దాని గాడిలో కూర్చుంటుంది. పంపు బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఎటో చూస్తుంది. చెయిన్ గుర్తులు ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

ఆరో సిలిండర్ పైన హెడ్డులో చిన్న పైపు ప్లగ్గు ఉంటుంది. అది విప్పి, పొడవాటి సైకిల్ పుల్ల ఒకటి నిలువుగా దింపి, ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. పుల్ల పైకి లేచి, ఒక క్షణం ఆగి, దిగడం మొదలుపెడుతుంది. ఆగినచోట ఆరోదీ, దానితోపాటు ఒకటోదీ పైన ఉన్నట్టు. రెంటిలో కంప్రెషన్ దేనిదో తెలియాలంటే ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. గాలి వేలిని తోసుకుని వస్తే ఒకటోదే. అప్పుడు రోటర్ ఒకటో వైరు వైపు చూడాలి. చూడకపోతే ఆయిల్ పంపు దించి, పన్ను జరిపి మళ్లీ ఎక్కించండి. అక్కడ నుంచి రోటర్ తిరిగే దిక్కున, గడియారం ముల్లులా, వైర్ల వరస 1-5-3-6-2-4. పాయింట్ల సందు 20 థౌ, ప్లగ్గుల సందు 25 థౌ.

నీరసం సంగతి. మీ బండి ఆరు ఓల్టులది, పైగా బ్యాటరీ ప్లస్సు బాడీకి కలుస్తుంది. ఇప్పటి కార్ల షాపులో దొరికే బ్యాటరీ కేబుల్ వేసి ఉంటారని నా అనుమానం. అంతే శక్తికి ఆరు ఓల్టుల్లో కరెంటు రెట్టింపు పారాలి, ఆ సన్న తీగ మోయలేదు. పాతకాలపు లారీ కేబుల్ అంత లావుది వేయించండి. ఎర్తు బిగించేచోట రంగు గీకి ఇనుము కనపడనివ్వండి. పన్నెండు ఓల్టులకి మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మార్చనక్కర్లేదు. కేబుల్ సరిగ్గా ఉంటే ఆరు ఓల్టుల సెల్ఫ్ హాయిగా తిప్పుతుంది.

స్టార్టు చేసే ముందు ఆరు ప్లగ్గులూ విప్పి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఉత్తినే సెల్ఫ్ కొట్టండి. కొత్త షెల్లులకి మొదటి చుక్క నూనె మంట కంటే ముందు అందాలి. బండి బాగా వేడెక్కాక వాల్వుల సందు చూడండి. ఇన్‌లెట్ 8 థౌ, ఎగ్జాస్ట్ 10. చెయ్యి కాలే పని, అయినా వేడి మీదే చూడాలి.

ప్రశ్న: డీజిల్ తీసి అసలు ఇంజన్ వేస్తే ఆర్టీవో ఆఫీసులో ఏం చేయాలి? వింటేజ్ నంబరు వస్తుందా? (ముగ్గురు పాఠకులు)

జవాబు: ఇంజన్ మార్పు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ముందు అనుమతి, తర్వాత ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఇంధనం మార్పించుకోవాలి. నంబరు బ్లాకు ముందుభాగంలో డైనమో పైన, హెడ్డుకి కాస్త కింద చదునుగా ఉన్నచోట కొట్టి ఉంటుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. గ్రైండరు పెట్టి శుభ్రం చేయించారంటే నంబరుతో పాటు మీ రుజువూ పోతుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 2021 నుంచి నిబంధనలు ఉన్నాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. పాత నంబరు ఉన్న బండి ఆ నంబరు ఉంచుకోవచ్చు. కాకపోతే రోజువారీ తిరుగుళ్లకీ, కిరాయికీ పనికిరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్ల కోసమే రోడ్డెక్కాలి. అందుకని డీజిల్ ఉండగా దరఖాస్తు పెట్టకండి, అసలు ఇంజన్ ఎక్కాకే వెళ్లండి.

ప్రశ్న: ఇక్కడ 1949 షెవర్లే కొన్నాను, 216 ఇంజన్. హైవే మీద తోలొద్దంటున్నారు, నిజమేనా? (ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: వేగంగా తోలొద్దన్నది నిజం. ఆ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్లకి ఊడదీసే షెల్లులు ఉండవు, కరిగించి పోసిన బాబిట్ లోహమే బేరింగు. రాడ్డు కింద గరిటెలాంటి కొమ్ము ఇంజన్ అడుగు చాంబర్‌లోని నూనెని తోడుకుంటుంది. నెమ్మదిగా, ఓపిగ్గా తోలితే ఏళ్లు నడుస్తుంది. అంతకంటే కావాలంటే చాలామంది పూర్తి ప్రెషర్ ఆయిలింగ్ ఉన్న 1954, ఆ తర్వాతి 235 ఇంజన్ వేసుకుంటారు. ముందు ప్లేటు, వాటర్ పంపు దగ్గర సర్దుబాట్లు అవసరం, లేకపోతే ఫ్యాను రేడియేటర్‌ని తగులుతుంది. బండిలో ఇంజన్ అసలుదే అయితే, నేనైతే మార్చను.

తెనాలి పాఠకుడికి మళ్లీ ఒక మాట. ఒంగోలు నుంచి ఇంకొకాయన రాశారు. ఆయన హెడ్డు కొలిచే రాశారు, 23½ అంగుళాలు. 3¼ బోరుకి 30 థౌ ఓవర్‌సైజు పిస్టన్లు ఆరు ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగారు. మీ పిస్టన్లు అమెరికాకి తిప్పి పంపకండి. మీ హెడ్డు పొడవు కొలిచి పత్రికకి రాయండి, ఆయన ఉత్తరం మీకు పంపిస్తాం.